పుట్టినరోజు జావ

“అమ్మా, ఎల్లుండి మీ మత్తన పుట్టినరోజు. సమాధి దగ్గర విందు పెడుతున్నాం. మీరు తప్పకుండా రావాలి,” అన్నాడు మా సంఘం పరిచారకుడు విక్తొరు, గుమ్మంలో నిలబడి.

అరిషుత్ తిరగలి ఆపింది. “మతిగానీ పోయిందా నాయనా? బాదం పూతలప్పుడు కన్నాను దాన్ని. ఇప్పుడు ద్రాక్షకోతలు.”

పక్కింటిదాన్ని, నేనూ అక్కడే ఉన్నాను. మనసు చివుక్కుమంది. క్రీస్తు కోసం చచ్చినవాళ్ళు చచ్చిన రోజునే మేం పుట్టినరోజు అంటాం, పరలోకంలో పుట్టారని. మాకు నోటికి అలవాటైన మాట. అరిషుత్ మా మతం కాదు, ఆమెకు ఇప్పటికీ పాత దేవతలే. పోయిన ద్రాక్షకోతలప్పుడే కార్తేజ్‌లో, జనం చూస్తుండగా, ఆమె కూతురు మత్తన మీదికి చిరుతలను వదిలారు.

విక్తొరు అదంతా విడమరిచి చెప్పాడు. సంతోషంగా కూడా చెప్పాడు, వాడి నోరు పడిపోను.

“అయితే నేను కన్న రోజు?” అంది అరిషుత్.

“అది శరీరానికేనమ్మా.”

“నేను కన్నది శరీరాన్నే కదయ్యా. వాళ్ళు చంపిందీ దాన్నే.”

ఆమెను తినేస్తున్న బాధ ఇంకొకటి ఉంది. చెరసాలకు వెళ్ళి, “చక్రవర్తి బొమ్మ ముందు చిటికెడు సాంబ్రాణి వెయ్యవే తల్లీ, వదిలేస్తారు” అని కాళ్ళు పట్టుకుంటే, మత్తన గోడవైపు తిరిగి పడుకుంది. “నన్ను మరిచేపోయిందంటావా?” అని ఏడాదిగా అడుగుతూనే ఉంది నన్ను.

విందుకు రాదనుకున్నాను. వచ్చింది. రవ్వ, జున్ను, తేనె వేసి కాచిన జావకుండ సమాధి మీద దించింది. “పుట్టినరోజన్నారుగా. దానికిష్టం,” అంది.

దీపాలు పెట్టాక విక్తొరు మత్తన మరణకథ చదివాడు. “తల్లిని తలవక, నవ్వుతూ మృగాలకు ఎదురువెళ్ళింది...” అందరూ ఆమెన్ అన్నారు. అరిషుత్ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆమెన్ నోటరాలేదు.

తర్వాత జావ పంచాం. చెరలో మత్తనతో పాటు ఉండి, అధికారి మారాక విడుదలైన రొగాత ఒక్క గుక్క తాగి భోరుమంది.

“తేనె ఎక్కువైంది పిన్నీ! మత్తన కూడా ఇదే చెప్పేది. ఎండురొట్టె నములుతూ, మా అమ్మ జావకి పళ్ళు జివ్వుమంటాయే అని రోజూ నవ్వేది. ఎవరన్నారు నిన్ను తలవలేదని?”

“మరి నా మొహం చూడలేదేం?”

“నువ్వెళ్ళాక చెప్పింది. అమ్మ మొహం చూశానంటే వెంట వెళ్ళిపోతాను, అందుకే తిరగలేదు అని.”

విక్తొరు తలవంచుకున్నాడు. అవతల ఆడవాళ్ళు పాట అందుకున్నారు. ఇప్పటికైనా ఈమె మనసు కుదుటపడుతుందనుకుని నేను భుజం మీద చెయ్యి వేశాను.

అరిషుత్ తన రెండు చేతుల వైపూ చూసుకుంది.

“అయితే గడ్డం పట్టుకుని ఇటు తిప్పుకునుంటే, వచ్చేసేదన్నమాట,” అంది.