తొమ్మిదో చుక్క

అతుకు మీద తడిగుడ్డ పరిచి, జిగురు నానేదాకా అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు జిగురాయన. గ్లోబులకు కాగితం అంటించడం అతని పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే. పన్నెండు బద్దల కాగితం బంతి చుట్టూ తిరిగొచ్చాక, చివరి బద్ద అంచు మొదటి బద్ద మీదికి గోరంత ఎక్కాలి. ఆ అతుకును పెద్ద సముద్రం మధ్యలో పడేయమని పాత యజమాని నేర్పాడు. "అక్కడ ఎవడు చూస్తాడురా?" అన్నాడు. ఎవడూ చూడలేదు. నిన్నటిదాకా.

నిన్న ఒక బడి నుంచి నడుమెత్తు గ్లోబు తిరిగొచ్చింది, హెడ్మాస్టరు ఉత్తరంతో. సముద్రంలో తువాలు అనే దేశం కనబడటం లేదట. ఆ పేరుకు అర్థం 'కలిసి నిలబడ్డ ఎనిమిది' అట. ఎనిమిది దీవులూ ఉండి తీరాలట.

"తువాలా? ఒళ్ళు తుడుచుకునేదా?" అని చిన్న యజమాని మొదట నవ్వాడు. చివరిదాకా చదివి ఉత్తరం జిగురాయన మొహాన విసిరాడు. "దేశాన్నే మింగి కూర్చున్నావు. రేపు సాయంత్రానికి బయటికి తియ్యి. లేకపోతే ఎల్లుండి నుంచి రాకు."

ఇప్పుడు తడిగుడ్డ కింద అంచు లేచింది. కింద పేరుంది, పక్కన ఆవగింజలో సగం లేని చుక్కలు. గోటి కొసతో లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే. అంతలో తడిసిన కాగితం ముద్దయి వేలికి అంటుకుని ఊడి వచ్చింది. ఇక చేత్తో గీయాల్సిందే.

పేర్ల చీటీలు అంటించే బల్ల దగ్గర వదిన కూర్చుని ఉంది. అన్న భార్య. వాళ్ళింట్లోనే పక్కగదిలో ఉంటాడతను. పెళ్ళి కాలేదు, పోవడానికి వేరే చోటు లేదు. పొద్దున్నే ఇద్దరూ ఒకే దారిన పనికొస్తారు, ఆమె ముందు, పదడుగుల వెనక అతను.

"వదినా, దేశాల పుస్తకంలో తువాలు చూడు. ఎనిమిదా, తొమ్మిదా?"

"నీకెందుకయ్యా? ఉత్తరంలో ఉన్నది గియ్యి."

"చూడమంటున్నాగా."

ఆమె పేజీలు చిరిగేట్టు తిప్పింది. "దీవులు తొమ్మిది. వెనకటి నుంచీ మనుషులున్నవి ఎనిమిదే. తొమ్మిదోది అన్నిటికంటే చిన్నది. అక్కడెవరూ కాపురం లేరు, పేరులో కలపలేదు."

"ఇప్పుడో?"

"పక్క దీవివాళ్ళు కొందరు వెళ్ళి ఉన్నారట. పేరు మాత్రం అదే."

"అంతకుముందు దేశం పేరేంటి?"

"ఎవరో దొర పేరు. అటుగా పోయిన ఓడలో సరుకు ఆయనది. ఆయన ఆ దీవుల మొహం చూసినట్టు ఇందులో లేదు."

"మన గ్లోబుల మీద యజమాని పేరు లాగా."

ఆమెకు నవ్వొచ్చింది. వచ్చినందుకు ఒళ్ళు మండింది. "నోరు తగ్గించు. మా ఇంట్లో ఎంతమందని ఎవరైనా అడిగితే నేనూ ఎనిమిదే అంటాను."

"తెలుసు. జనాభా లెక్కలాయనతో అన్నావుగా. గోడవతల నేనున్నాను."

ఆమె ఇంకో చీటీ అందుకుంది.

మధ్యాహ్నం అతను తిండికి లేవలేదు. నీలం కలిపి చిరిగిన సముద్రాన్ని పూడ్చాడు. పేరు చీటీ అంటించాడు. సన్న కుంచెతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. చుక్క చుక్కకూ ఊపిరి బిగబట్టాడు. ఎనిమిది అయ్యాక, అన్నిటికీ దిగువన తొమ్మిదోది పెట్టాడు, మిగతావాటికంటే కాస్త లావుగా. చెయ్యి జారి కాదు.

నాలుగింటికి చిన్న యజమాని భూతద్దంతో వచ్చాడు.

"తొమ్మిదున్నాయేంటి?"

"ఉన్నవి తొమ్మిదే బాబూ."

"హెడ్మాస్టరు ఎనిమిదన్నాడు."

"ఆయన పేరు చదివాడు. దీవుల్ని లెక్కపెట్టలేదు."

"నాకు పాఠాలు చెప్పకు. గీకెయ్."

"గీకను."

"చుక్క కోసం పని పోగొట్టుకుంటావా ముసలాయనా?" అని చిన్న యజమాని పేర్ల బల్ల వైపు తిరిగాడు. "ఏమ్మా, పుస్తకం నీ దగ్గరేగా ఉంది. ఎన్ని?"

జిగురాయన కుంచె కడగడం ఆపాడు. వదిన మూసిన పుస్తకం మీద రెండు చేతులూ పెట్టింది.

"ఉత్తరంలో ఉన్నన్నే బాబూ."

జిగురాయన కుంచె పక్కన పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు, గోళ్ళ సందుల్లో కూడా. గుమ్మం దాటి ఇంటి వైపు కాకుండా రెండో వైపు నడిచాడు. చూసినవాళ్ళున్నారు. పిలిచినవాళ్ళు లేరు.

చిన్న యజమాని తనే బ్లేడు తీసుకుని గీకాడు. చుక్కతో పాటు పేరూ, పేరుతో పాటు సముద్రమూ లేచి, లోపలి తెల్లటి సుద్ద బయటపడింది. "అతుకు వెయ్యండ్రా ఎవరైనా!" అని అరిచాడు. ఎవరికీ చేతకాదు.

వదిన సంచీ తీసుకుని లేచింది. దారి అతని బల్ల పక్కనుంచే. అక్కడ అతను విప్పి పోయిన ఏప్రన్, ఏళ్ళ తరబడి జిగురు తాగి అట్టకట్టి, లోపల మనిషి లేకుండానే నేల మీద నిలబడి ఉంది.