జిల్లా పేరు మీద గీత

మా నాన్న విల్ఫ్రెడ్ టాన్స్లీ ఇరవై మూడేళ్లపాటు ఒక్క ఉత్తరం కూడా అందరిలా విప్పలేదు. ఇంగ్లండులో అన్నిటికంటే చిన్నదైన మా రట్లాండ్ జిల్లాను 1974లో పక్కనున్న లెస్టర్‌షైర్‌లో కలిపేశారు. ఆ రోజు నుంచి కవరు మీద లెస్టర్‌షైర్ అని కనబడితే చాలు, ఎర్రసిరాతో ఆ మాట కొట్టేసి, పైన రట్లాండ్ అని రాసి, పక్కన సంతకం పెట్టి, అప్పుడు విప్పేవాడు. కరెంటు బిల్లయినా అంతే, నా పెళ్లికి వచ్చిన కార్డులైనా అంతే. నాకు ఒళ్లు మండిపోయేది. ఊళ్లో నవ్వుతున్నారని పోట్లాడేదాన్ని.

"నవ్వితే నవ్వనీవే. నేనేమన్నా ఇల్లు మారానా? వాళ్లే గీత జరుపుకున్నారు," అనేవాడు.

చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. 1997 ఏప్రిల్ ఒకటి, మంగళవారం నుంచి రట్లాండ్ మళ్లీ విడి జిల్లా అన్నారు. అప్పటికే నాన్న ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. పెద్దాసుపత్రి లెస్టర్‌లో ఉంది కాబట్టి ససేమిరా రానన్నాడు. ఆయనకున్న కోరిక ఒక్కటే, రట్లాండ్‌లో పోవాలని. ఈస్టర్ దాటడం కష్టమని డాక్టరు నాతో చెప్పాడు. నేను గోడమీది క్యాలెండరు చూసుకుంటూ, తిట్టి మరీ సూపు తాగించాను.

శనివారం మధ్యాహ్నం పోయాడు. ఇరవై మూడేళ్లు ఆగిన మనిషి ఇంకో మూడు రోజులు ఆగలేకపోయాడా అని ముందు కోపమొచ్చింది. తర్వాత భోరున ఏడ్చాను.

ఆదివారం ఈస్టర్, సోమవారం సెలవు. చావు నమోదు చేయించడానికి మంగళవారం పొద్దున వెళ్లాను. రిజిస్ట్రారు హబర్డ్ గారు నన్ను చిన్నప్పటినుంచి ఎరిగినాయనే. నాన్న పేరు, వయసు, గుర్రాలకు నాడాలు కొట్టే వృత్తి, అన్నీ అడిగి పెద్ద పుస్తకంలో రాసుకున్నారు. ఆఖర్న పేజీ పైన జిల్లా పేరు రాయాలి. ఇన్నేళ్ల అలవాటు కదా, చెయ్యి దానంతటదే లెస్టర్‌షైర్ అని రాసేసింది.

ఊరుకుందామనే అనుకున్నాను. నోరు ఊరుకోలేదు.

"హబర్డ్ గారూ, ఇవాళ తారీఖెంత?"

ఆయన కలం ఆగింది. "నాన్న పోయింది శనివారం కదమ్మా, డోరీన్," అన్నారు మెల్లగా.

"పోయింది శనివారమే. మీరు రాస్తున్నది ఇవాళ."

ఆయన పేజీ పైభాగం మళ్లీ చదువుకున్నారు. పైన రాసేది నమోదు చేసిన జిల్లా పేరేనని, నా మాటే సరైనదని ఒప్పుకున్నారు. అయితే ఆ పుస్తకంలో చెరపకూడదట, కాగితం చింపకూడదట. తప్పు దిద్దడానికి ఒకటే పద్ధతి ఉందన్నారు.

లెస్టర్‌షైర్ మీద అడ్డంగా గీత గీశారు. పైన రట్లాండ్ అని రాశారు. పక్కన సంతకం పెట్టారు.

ఎర్రసిరా లేదా అని అడిగాను. లేదన్నారు.