పొగగొట్టానికి అటూ ఇటూ

ఆ ధర్మసత్రం ఇళ్ళు రాజుల కాలంలో ఓ ఉన్ని వ్యాపారి ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళ కోసం కట్టించినవి. పసుప్పచ్చ రాతి గోడలు, మనిషికో గది, ప్రతి రెండు గదుల నడిమి గోడకీ ఒకటే పొగగొట్టం. ఇటు ఓలివ్ ముసలమ్మ పొయ్యి, అటు ఆమె నేస్తం హెట్టీ పొయ్యి. పొద్దున లేవగానే ఓలివ్ ఇనప ఊచతో పొయ్యి వెనక రాతిమీద రెండు దెబ్బలు కొట్టేది. అటునుంచి రెండు దెబ్బలు వినపడితే హెట్టీ బతికే ఉందన్నమాట. అప్పుడే టీకి నీళ్ళు పెట్టుకునేది.

ఈ మధ్య ధర్మకర్తలకి కొత్త ఆలోచన పుట్టింది. జంట గదుల్లో ఒకరు పోతే నడిమి గోడ పడగొట్టి, మిగిలినవాళ్ళకి రెండు గదులూ కలిపి, స్నానాలగది కూడా కట్టించి ఇస్తున్నారు. అప్పటిదాకా అందరిదీ రేకు తొట్టి స్నానమే.

"ఏమే ఓలివ్, ఇంకా పోవేంటే? నాకు వేణ్ణీళ్ళ కుళాయి ఎప్పుడొస్తుందే?" అనేది హెట్టీ.

"నువ్వే ముందు పోవే తల్లీ. నీ గదిలో తొట్టి పెట్టించుకుని కాళ్ళు బారజాపుకుని పడుకుంటా!"

ఇద్దరూ దగ్గొచ్చేదాకా నవ్వుకునేవాళ్ళు.

ఫిబ్రవరి మంచులో ఓ పొద్దున ఓలివ్ కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. శాలువా కప్పుకుని వెళ్ళి చూస్తే, హెట్టీ ముందురోజు బూడిద ఎదుట కుర్చీలోనే చల్లబడిపోయి ఉంది.

సమాధి మీద మట్టి ఆరకముందే సత్రం చూసుకునే కోప్ నడిమి గోడ కొలవడానికి వచ్చాడు.

"నాకేం స్నానాలగది వద్దు నాయనా. ఆ గోడ ఉండనీ."

"అదేంటి పెద్దమ్మా, అందరూ దానికోసం కాచుక్కూచుంటే!"

"ఆ గదిలో ఇంకెవర్నన్నా పెట్టు."

"ఈ రోజుల్లో ఇంత ఇరుకు గదిలోకి ఎవరొస్తారు? పెద్దల నిర్ణయం, నా చేతుల్లో లేదు."

ఆ తొట్టిలో దిగితే, ఎగతాళికి అన్న మాట మనసులో కోరుకున్నదే అయిపోతుందని అతనికి ఎలా చెప్పడం?

గోడ పోయింది. పొగగొట్టం తీస్తే కప్పు కూలుతుందని దాన్ని మాత్రం ఉంచారు. గది మధ్యలో స్తంభంలా, అటో పొయ్యి, ఇటో పొయ్యితో మిగిలింది. తెల్లటి తొట్టీ వచ్చింది. ఓలివ్ అందులో దుప్పట్లు నానబెట్టుకుందే గానీ కాలు పెట్టలేదు.

పనివాళ్ళు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున చెయ్యి దానంతటదే ఊచమీదకి పోయింది. రెండు దెబ్బలు కొట్టి, చెవి ఒగ్గి నిలబడింది. తర్వాత పొగగొట్టం పట్టుకుని మెల్లగా దాని చుట్టూ అటువైపు నడిచింది. హెట్టీ ఊచ ఇంకా అక్కడే ఉంది. అది తీసుకుని, మసిపట్టిన రాతిమీద రెండు దెబ్బలు కొట్టింది.

మళ్ళీ ఇటొచ్చి టీకి నీళ్ళు పెట్టుకుంది.