పన్నెండు గంటల ఆలస్యం

"ఇది చాయా, గోరువెచ్చని నీళ్లా?" అని మా ఆయన మహిపాల్ గ్లాసు పక్కకు జరిపాడు. "ఆవు వట్టిపోవట్టె, పాలెక్కడియి?" అన్నాను. "నోరు మాత్రం వట్టిపోలే" అంది అత్త మొగిలమ్మ.

కొట్టంలో ఆవు అరుస్తోంది. పొద్దున ఆరింటికే చూశాను, వెనక నుంచి గాజులా తేటైన జిగట తీగలా జారుతోంది. ఎదకొచ్చిందని చెప్పాను. "మెల్లగ! నలుగురు ఇంటే నవ్వుతరు. రేపు కట్టయ్యకు చెప్త" అని ఆయన సుబేదారిలోని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

ఇంతకుముందు ఎదకొచ్చిన మూడుసార్లూ ఇదే రేపు. పేడ తీసేది, పాలు పితికేది, గుర్తులు కనిపెట్టేది నేను. ఆవు చూలు కట్టడానికి సూది వేసే కట్టయ్యకు ఫోన్ చేయాల్సింది మాత్రం మగవాళ్లు. ఈ ఇంట్లో నా నెలసరి 'దూరమున్నది', ఆవు ఎద 'అరుస్తాంది'. హన్మకొండ కాలేజీలో నేను చదివిన పాఠంలో ఆ పేర్లు లేవు. అండం పెరిగే తిత్తి, అంటే అండపుటిక, ఎదిగేకొద్దీ ఈస్ట్రోజన్ పెరుగుతుంది, ఆవు అరిచేది అందుకే. ఆ తర్వాత మెదడు నుంచి మరో హార్మోను ఎగసి అండాన్ని విడుదల చేస్తుంది. ఆ అండం బతికేది కొన్ని గంటలే. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రానికి సూది పడాలి. తిండి తగ్గితే అండపుటికను పెంచే గ్రోత్ ఫ్యాక్టర్లూ తగ్గుతాయి. అత్తేమో, చూలు కట్టని ఆవుకు దాణా దండగని నెల కిందటే ఆపేసింది. ఇప్పుడు దాన్ని గొడ్డుదంటున్నారు. శుక్రవారం దాన్ని కొనడానికి బేరగాడు వస్తాడు. దూడప్పటి నుంచి నా చేతిలో పెరిగిన ఆవు.

ఫోన్ తీసి కట్టయ్యకు చేశాను.

"అన్న లేడా వదినా?"

"లేడు. పొద్దున ఆరింటికి ఎదకొచ్చింది. సాయంత్రం వచ్చి సూది వెయ్యి."

"గింత సాఫుగ టైం చెప్పినోళ్లు ఎవ్వలు లేరు వదినా. నాలుగింటికి వస్త."

వచ్చాడు. అత్త కొంగు ముఖాన కప్పుకుని లోపలికి పోయింది. ఆవు తల నేనే పట్టుకున్నాను.

ఏడింటికి అన్నాలకు కూర్చున్నారు. "పరాయి మొగోనితోని ఆ మాట ఎట్లన్నదో అడుగు బిడ్డా" అంది అత్త. మహిపాల్ ముద్ద కలపడం ఆపాడు.

వాళ్లిద్దరికీ పప్పు వడ్డించి, నా కంచం తెచ్చుకుని వాళ్ల పక్కనే కూర్చున్నాను.

"సూది అయిపోయింది. రేపటి సంది దాణా పెడ్త. ఇరవై ఒక్క రోజులు చూస్త. మళ్లా ఎదకొస్తే మళ్లా నేనే ఫోన్ చేస్త. ఆవును అమ్మేది లేదు. బేరగాన్ని రావద్దని నువ్వు చెప్తవా, నన్నే చెప్పమంటవా?"