నా తరఫున సాక్ష్యం

"ఒక ఒంటికి ఇద్దరు డాక్టర్లు ఎందుకే, హదస్సా?" అన్నారు మా ఆయన జకర్యా, నేను చపాతీలు కాలుస్తుంటే. "షుగర్‌కి ఒకావిడ, ఏడుపుకి ఇంకొకాయన. రేపు నవ్వుకి కూడా చూపించుకుంటావా?"

నవ్వుకి డాక్టరు అక్కర్లేదు. బోయిగూడకంతా నవ్వు సరఫరా చేసేదాన్నే నేను. నా షుగర్ ఎంతంటే, ఇరానీ చాయ్‌లో నా వేలు పెట్టి తిప్పితే చాలు, పంచదార మిగిలినట్టే. నేను ఆస్పత్రికి వెళ్తే నా వెనక చీమలు వరసలో నిలబడి టోకెన్లు తీసుకుంటాయి. మా మామగారి బుట్టలోంచి జారిన పీత ఒకసారి మల్కాజ్‌గిరి దగ్గర లోకల్ రైలును పట్టుకుని ఆపేసింది. డ్రైవరు దిగి దండం పెడితే గానీ వదల్లేదు. బడిలో ఆయాగా పిల్లల ముక్కులు తుడుస్తూ, ఇంటికొచ్చి అత్తయ్య కాళ్ళు పడుతూ ఇవే చెప్తాను. చదువు రాలేదు, కథలొచ్చాయి.

షుగర్ డాక్టరమ్మ కూడా చీమల కథకు నవ్వింది. నవ్వి, "పొద్దున లేవాలనిపిస్తుందా అమ్మా?" అని అడిగింది. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఇంట్లో "లేచావా, చాయ్ పెట్టావా" అనే అడుగుతారు. నోరు తెరిస్తే కథ రాలేదు, ఏడుపొచ్చింది. ఆవిడే రెండో డాక్టరు దగ్గరికి పంపింది. ఆయనిచ్చిన బిళ్ళలు మొదలెట్టిన కొన్నాళ్ళకి, పక్క మీంచి కాళ్ళు కింద పెట్టడం కొండ దిగినట్టు ఉండటం మానేసింది. వేళకి తినేదాన్ని. షుగర్ బిళ్ళ మర్చిపోయేదాన్ని కాదు. నవ్వితే నాకే వినబుద్ధయ్యేది.

ఆ నవ్వే నా కొంప ముంచింది. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ, మా ఆయన లేచారు. "నా భార్య మనోవేదనతో కుమిలిపోయేది. ఉపవాసముండి ప్రార్థించాను. ఇప్పుడు ఎలా నవ్వుతోందో మీరే చూడండి," అన్నారు. అందరూ నా వైపు తిరిగారు. నేను అలవాటుకొద్దీ నవ్వాను. "స్తోత్రం" అన్నారంతా.

ఆ తర్వాత రెండో డాక్టరు బిళ్ళలు ఇంటికి రాలేదు.

"బాగైందని సంఘం ముందు చెప్పాక మళ్ళీ కొంటే, నేను దేవుడి సన్నిధిలో అబద్ధమాడినట్టు కాదూ?" అన్నారు మా ఆయన.

"ఖర్చూ తగ్గింది," అంది అత్తయ్య కాంతమణి.

షుగర్ బిళ్ళలు మాత్రం ఆపలేదు. షుగర్‌కి రక్తం సాక్ష్యం చెప్తుంది. మనసుకి ఎవరు చెప్తారు? నేనే కొనుక్కుందామంటే, నా జీతం ఆయన చేతికే కదా వెళ్ళేది.

పొద్దున్లు మళ్ళీ కొండలయ్యాయి. తినబుద్ధి కాదు, షుగర్ బిళ్ళ వేసుకోబుద్ధి కాదు. కాలి మీద చిన్నగా గీరుకున్నది పుండైంది. కట్టు మార్పించుకోవడానికి రోజు విడిచి రోజు ఆస్పత్రి. మిగిలిందనుకున్న డబ్బు ఆ పుండులోకే పోతోంది. "దొంగచాటుగా తీపి తింటోంది," అన్నారు మా ఆయన. మనసు మందు ఆపితే షుగర్ మాట వినదని డాక్టరమ్మ ఎదురుగానే చెప్తే, బయటికొచ్చాక, "వాళ్ళకి రెండు ఫీజులు కావాలి మరి," అన్నారు.

మొన్న ఆదివారం నేనే లేచాను. కుంటుతూ ముందుకెళ్ళాను. నేను నోరు తెరవకముందే బెంచీల్లో నవ్వులు. పక్కింటి పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు బాగవ్వలేదు," అన్నాను. "పొద్దున లేవాలనిపించట్లేదు. నా బిళ్ళలు నాకు కావాలి."

ఎవరో కిసుక్కుమన్నారు.

"తర్వాతేమైందక్కా, జెర జల్ది చెప్పు," అంది పుష్పమ్మ. "గా పీత సుత వచ్చిందా ఏందీ?"

చర్చంతా ఘొల్లుమంది. మా ఆయన చేతులు కట్టుకుని అందరికంటే ఎక్కువ నవ్వుతున్నారు. ఆ నవ్వులో ఆయన కళ్ళు మాత్రం నన్ను కూర్చోమంటున్నాయి.

"తర్వాత లేదు. ఇంతే," అన్నాను.

చప్పట్లు కొట్టారు. పాస్టరు అయ్యగారు నవ్వి నవ్వి తడిసిన కళ్ళు తుడుచుకుంటూ, ఇక చాలమ్మా అన్నట్టు చెయ్యి ఊపారు.

నేను కూర్చోలేదు.