పడుకున్న తీగ

రాయగడలో రేడియో తీగ కట్టడంలో గోవిందరావు తర్వాతే ఎవరైనా. ఆయన తీగ ఎంత చురుకైనదంటే, బ్రెజిల్‌లో ఎవడో తుమ్మితే ఇక్కడ కిటికీ పక్కన కూర్చున్న గోవిందరావు "చిరంజీవ" అన్నాడు.

రైల్వే సిగ్నల్ శాఖలో ఉద్యోగం దిగిపోయాక పరీక్ష రాసి, ఇంట్లోంచే సొంత సెట్టుతో దూరాలవాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడాయన. ఆయనతో పనిచేసిన రామలింగం జయపురంలో స్థిరపడి, తనూ ఒక సెట్టు పెట్టుకున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం ఫోనులో అయితే నిమిషం పని. కాని ఫోనులో ఎవడైనా మాట్లాడతాడు!

తీగకి పెరట్లో రెండు వెదుళ్ళు కావాలి. అవి అప్పటికే ఉన్నాయి, భార్య అప్పలకొండమ్మ బట్టలారేసే తాడు మోస్తూ. గోవిందరావు ఆ తాడు విప్పి, చుట్ట చుట్టి, ఆమె చేతిలో పెట్టాడు. నలభై మీటర్ల పైచిలుకు రాగితీగని ముక్కోణంగా నిలబెట్టాడు. అడుగు మూలలు రెండూ వెదుళ్ళకి, కొస మాత్రం మునగచెట్టు చిటారుకొమ్మకి. అక్కడినుంచి ఒక కేబులు కిటికీలోంచి రేడియోకి.

"మునగకొమ్మని నమ్ముకున్నోడిని నిన్నే సూసేను," అంది అప్పలకొండమ్మ.

"నీకు తెల్దే కొండమ్మా. తీగ ఎంతెత్తునుంటే మాట అంత దూరమెల్తాది."

"ఎల్లనీ. తడిబట్టలు నీ నెత్తిమీద ఆరేస్తాను."

ఆరేసినంత పనీ చేసింది. ఆమె ముచ్చటపడి కొనుక్కున్న కొట్పాడ్ నేతచీర ఆయన సైకిలు మీద ఆరింది. రేడియోలో ఏవేవో దేశాల గొంతులు లీలగా వినబడ్డాయి గాని, జయపురం మాత్రం పలకలేదు. ఈయన గొంతు చించుకున్నాక రామలింగం దగ్గర్నించి ఫోను వచ్చేది.

"ఏట్రా గోవిందా, సెట్టు ఆన్ సేసేవా, నేదా? సెనక్కాయలు ఏపినట్టు గరగర తప్ప ఏటీ నేదు."

"మద్దిన కొండలున్నాయిరా."

"కొండలు ఇయ్యాల కొత్తగా వచ్చేయేటి?"

అన్నట్టు, ఆ బ్రెజిల్ మాట నమ్మకండి. తుమ్మింది గోడవతల పక్కింటి పుణ్యవతి.

చివరికి అప్పలకొండమ్మ తీర్పు చెప్పింది. "ఆదివారం పొద్దున్న ఆకరు. రామలింగం అన్నయ్య గొంతు నా సెవిన పడితే తీగ ఉంటాది. నేకపోతే నా వెదుళ్ళు నాకిచ్చీయాల."

గోవిందరావు అయిష్టంగానే సరేనన్నాడు. ఉద్యోగం దిగాక ఆయన పిలిస్తే పలుకుతుందని ఆశ ఉన్నది ఆ పెట్టె ఒక్కటే.

ఆదివారం ఆయన స్నానం చేసి వచ్చేలోగా ఎక్కడిదో పెద్ద గాలి వీచింది. మునగకొమ్మ ఫెళ్ళున విరిగింది. నిలబడ్డ తీగ కాస్తా వాలిపోయి, కొస వంటింటి పెంకుల మీద పడింది. వెదుళ్ళకీ పెంకులకీ మధ్య ముక్కోణం చాపలా పరుచుకుంది. మళ్ళీ ఎక్కించే వ్యవధి లేదు. అనుకున్న వేళ అయింది. రామలింగం సెట్టు ముందు కూర్చునే ఉంటాడు. గోవిందరావు ఉసూరుమంటూ మైకు నొక్కి పిలిచాడు.

"ఓరి గోవిందా!" రేడియో దద్దరిల్లింది. "పక్కగదిలోంచి మాటాడినట్టుంది. ఏటి సేసేవురా?"

"తీగ పడిపోయిందిరా."

"పడిపోనేదు, పడుకుంది. నిలబడ్డ తీగ దూరాలకి సూస్తాది, మన కొండకి గుద్దుకుంటాది. పడుకున్న తీగ ఆకాశంలోకి సూస్తాది. మాట పైకెల్లి, ఆకాశానికి తగిలి, కొండ దాటి, వానలాగ నా పెరట్లో పడతంది."

"అదే కదా నేను మొదట్నించీ..." అనబోయిన గోవిందరావు, గుమ్మంలో భార్యని చూసి నోరు మూసుకున్నాడు.

"వదిన మోకాలునొప్పి ఎలాగుందో అడుగు," అంది ఆమె. జవాబు చెవులారా విని తల పంకించింది. "సరే, తీగ ఉండనీ. దాని కింద నా తాడు కట్టు."

"కడతాను గాని, నేను మాటాడినప్పుడు తీగ ముట్టుకోకు. సెయ్యి కాల్తాది."

"నువ్వు మాటాడకుండా ఉండీదెప్పుడు?"

మధ్యాహ్నానికి తాడు కట్టాడు. తర్వాత ఇద్దరూ ములక్కాడల పులుసుతో కడుపునిండా అన్నం తిన్నారు.

బ్రెజిల్ తుమ్ము ఎలాగూ వాపసు తీసుకున్నాను కాబట్టి, ఇక మిగిలిన కల్పన ఒక్కటే: ఆ గాలి. ఆ ఆదివారం రాయగడలో ఆకు కదల్లేదు. పులుసులోకి ములక్కాడలు కొయ్యడానికి అప్పలకొండమ్మ దోటికర్ర వేసి లాగింది. కాయలతోపాటు కొమ్మా వచ్చింది. గోవిందరావు మాత్రం ఇప్పటికీ వాయుదేవుడికే దణ్ణం పెడుతున్నాడు.