అనుభవం ఉన్నవాళ్ళే చెప్పాల్సిన నవల

మా తెలుగు శాఖలో ప్రతి జూన్ నెలలోనూ పాఠాల పంపకం జరుగుతుంది. అన్నదమ్ములు పొలం గట్ల దగ్గర తగువులాడుకున్నట్టు మేమూ తగువులాడుకుంటే బాగుండేది. కానీ మాకా భాగ్యం లేదు. శాఖాధిపతి శివరామయ్యగారు చిరునవ్వుతో కాగితం గోడకు అంటిస్తారు, మేము చదువుకుని క్లాసులకు పోతాం.

తెనాలిలో ఆ కాలేజీలో నేను ఎనభై ఏడులో చేరాను. ప్రత్యేక తెలుగు తీసుకున్న బి.ఏ. పిల్లలకు ఒక ప్రబంధం, ఒక నవల ఉండేవి. ప్రబంధం శివరామయ్యగారిది. నవల నాది. నా డాక్టరేటు ప్రబంధాల మీద. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఇంటర్వ్యూలో మెచ్చుకున్నది కూడా ఆయనే.

"ఆ నవల మీరైతేనే బాగా చెబుతారమ్మా సామ్రాజ్యం" అనేవారు ప్రతి ఏడూ.

ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగాల్సిన పనేముంది? నవల అంటరానితనం గురించి. నేను రేపల్లె పక్క నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెలో, లూథరన్ చర్చి వెనక పేటలో పుట్టాను. నా అర్హతాపత్రం అదే.

మా నాన్న అంద్రెయ మాస్టారు మిషన్ బడిలో పంతులు. ఆదివారం చర్చిలో కీర్తన ఎత్తుకునే గొంతే, పంటలు ఇళ్ళకు చేరాక నాటకాల్లో పద్యం ఎత్తుకునేది. నాకు అక్షరాలతో పాటే గురువులూ లఘువులూ నేర్పాడు. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా మాకు యతిప్రాసలకు లోటుండేది కాదు. అలాంటి దాన్ని పట్టుకుని, నీకు పేట సంగతులు తెలుసు కనక అవే చెప్పుకో అంటే ఒళ్ళు మండదా?

నవల చెడ్డదేం కాదు. అరవై ఏళ్ళ కిందటిది, మంచి మనసుతో రాసింది. జమీందారు గారి సంగీత మందిరం గోడ బయట పోలి అనే పేటపిల్ల నిలబడి, లోపల నేర్పే కీర్తనలన్నీ విని నేర్చేసుకుంటుంది. జమీందారు తమ్ముడు ఆ గొంతు విని కరిగిపోతాడు. అన్నతో పోట్లాడి ఆమెను మందిరంలోకి తీసుకొచ్చి పాడిస్తాడు. ఊరు వెలివేస్తుంది, పిల్ల జబ్బుచేసి చచ్చిపోతుంది, అతను వైరాగ్యంలో పడతాడు. ఆ చావు దగ్గర మా క్లాసులో ఆడపిల్లలు పమిటలు తడిపేసుకునేవారు. పరీక్షలో మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న: కథానాయకుని దయాగుణాన్ని వివరింపుము. ఆ దయాగుణం దిద్దీ దిద్దీ నా ఎర్రసిరాలు అయిపోయాయి.

తొంభై రెండులో శివరామయ్యగారి గొంతు పాడైంది. గట్టిగా చదవొద్దని డాక్టరు చెప్పాడు. ప్రబంధం ఎవరికో ఒకరికి ఇవ్వాలి. ఆ జూన్‌లో నేను రేపల్లె పాసింజరులో కూర్చుని, మొదటి పాఠం ఎలా ఎత్తుకోవాలో ఊహించుకుంటూ వచ్చాను. మా అమ్మ ఏసమ్మ కొత్త చీర కట్టుకోమంటే కట్టుకున్నాను కూడా.

గోడ మీద చూస్తే ప్రబంధం ఎదుట పున్నారావు పేరుంది.

పున్నారావు అంతకు ముందు ఏడు చేరిన కుర్రాడు. ఎం.ఫిల్. చేసింది నవలల మీద. ప్రబంధం మీద చదివిన నాకు నవల, నవలల మీద చదివిన అతనికి ప్రబంధం. ఇంతకంటే కొరివితో తల గోక్కునే పని ఉంటుందా? తిన్నగా శివరామయ్యగారి గదికి వెళ్ళాను.

"సార్, ఈసారి ప్రబంధం నాకివ్వండి. నవల పున్నారావు చెబుతాడు."

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "నేను మీ మీద అభిమానంతో ఇచ్చానమ్మా. ఆ నవల చెప్పాలంటే అనుభవం ఉండాలి. పున్నారావుకి ఏం తెలుసు?"

"ప్రబంధం మాత్రం ఏం తెలుసండి?"

"అమృతలూరు కుర్రాడు గదమ్మా. ఆ ఊళ్ళో సంస్కృతం గాల్లోనే ఉంటుంది."

"ఆ ప్రబంధంలో చక్రవర్తులున్నారు, గంధర్వకన్యలున్నారు. ఇన్నేళ్ళూ మీరు ఏ అనుభవంతో చెప్పారండి?"

ఆయన నవ్వారు. నేను చమత్కరించాననుకున్నారు. టీ తెప్పించారు, తాగి వచ్చాను. అంతకు మించి ఆ రోజు ఏమీ జరగలేదు.

ఆ ఆగస్టులో ఆ నవలకు అరవై ఏళ్ళు నిండాయని బాపట్లలో సభ పెట్టారు. శివరామయ్యగారు మా అందర్నీ తీసుకెళ్ళారు. "నవలలో వెలివేత" అనే అంశం మీద పెద్దలందరూ మాట్లాడారు. నా వంతుకు అంశం లేదు, "అనుభవాలు" అని వేశారు. మైకు దగ్గరకు వెళ్ళగానే అధ్యక్షులవారు, "మీ జీవితంలో ఎదురైన చేదు అనుభవం ఒకటి చెప్పండమ్మా" అన్నారు దయగా. హాలంతా కళ్ళు తుడుచుకోవడానికి సిద్ధంగా ఉంది.

"రేపల్లె పాసింజరండి" అన్నాను.

కొందరు నవ్వారు. తక్కినవాళ్ళు నిరుత్సాహపడ్డారు. నేను ఆగలేదు. మా ప్రబంధంలోని ఒక సీసపద్యం ఎత్తుకుని, మా నాన్న పాడే బాణీలో ఆఖరి ఎత్తుగీతి దాకా పాడాను. వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ పాడాను. అర్థం చెప్పబోతుంటే, భోజనాలకు వేళయిందని అధ్యక్షులవారు గంట కొట్టారు. సాయంత్రం అందరూ సూర్యలంక వెళ్ళి సముద్రం చూశారు. నాకు ఆ ఓపిక లేక స్టేషనుకు వెళ్ళిపోయాను.

సోమవారం శివరామయ్యగారు పిలిపించారు. ముఖం వెలిగిపోతోంది. పున్నారావు కూడా అక్కడే ఉన్నాడు, తల వంచుకుని.

"ఆ గొంతు ఇన్నాళ్ళూ దాచారేంటమ్మా. మీవాళ్ళకి నాటకాల వల్ల ఆ గొంతు వస్తుందనుకుంటా. ఒక మంచి ఏర్పాటు చేశాను. ప్రబంధం క్లాసుకి మీరూ వెళ్ళండి. పద్యం మీరు పాడండి, అర్థం పున్నారావు చెబుతాడు."

సంచీలోంచి నవల తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"సార్, ఆ నవల అంతటా పోలికి పాటలే ఉన్నాయి. మాటలెక్కడున్నాయో వెతకండి. పాడించినవాళ్ళున్నారు గానీ ఆ పిల్లని ఏమనుకుంటున్నావని అడిగినవాడు ఒక్కడు లేడు."

"చూశారా" అన్నారాయన, మురిసిపోతూ పున్నారావు వైపు తిరిగి. "ఇలాంటివి అనుభవం ఉన్నవాళ్ళకే తడతాయి. అందుకే ఆ నవల ఈమెకిచ్చింది."

గోడకేసి తల బాదుకోవాలనిపించింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా, కనీసం ఊదేవాడి బుగ్గలు చూసి ఏదో జరుగుతోందని గ్రహిస్తాడు.

బయట వరండాలో పున్నారావు నా వెనకే వచ్చాడు. "అక్కా, నేను అడగలేదు ఆ పాఠం. రేపటి పద్యంలో ఆ పెద్ద సమాసం ఎక్కడ విరవాలో తెలీక జ్వరం వచ్చేట్టుంది."

"రేపు క్లాసులో చూద్దాం తమ్ముడూ" అన్నాను.

మర్నాడు క్లాసుకు ఇద్దరం వెళ్ళాం. నేను పద్యం పాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పున్నారావు గొంతు సవరించుకుని లేవబోయాడు.

"కూర్చో తమ్ముడూ, ఇంకా అవలేదు" అన్నాను.

అతను కుర్చీలో కూర్చోలేదు. వెళ్ళి ముందు బెంచీలో పిల్లల పక్కన కూర్చుని కలం తీశాడు. నేను సుద్దముక్క తీసుకుని ఆ సమాసాన్ని బోర్డు మీద విరిచాను. కవి ఎక్కడ నవ్వుతున్నాడో, ఎక్కడ కొంటెగా కన్ను గీటుతున్నాడో చూపించాను. చిన్నప్పటి నుంచి నాలో పేరుకున్నదంతా బయటికొచ్చింది. ఇంత సంతోషం నాకు ఉద్యోగంలో చేరాక ఎన్నడూ కలగలేదు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

గుమ్మం బయట శివరామయ్యగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. నేను బయటకు వచ్చాక కండువాతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఆ మూడో పాదం నేను ఇన్నేళ్ళూ అలా చెప్పలేదమ్మా" అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, "ఇక ఈ పాఠం మీరే చెప్పండి" అన్నారు. అంతలోనే ఆయన ముఖంలో పాత బెంగ వచ్చేసింది. "మరి ఆ నవల?"

"పున్నారావు చెబుతాడండి."

"అతనికా బాధ ఎలా తెలుస్తుందమ్మా?"

"చదివితే తెలుస్తుందండి. రాసినాయన రాసింది అందుకే."